వారాలబ్బాయిలు

తెల్లవారుజామున ఐదున్నరకి ఫోను మోగితే ఏ ఇల్లాలికైనా గుండె ఒక్క క్షణం ఆగి కొట్టుకుంటుంది. ఆ వేళప్పుడు మా ఇంటికి వచ్చేవి రెండే రకాల ఫోన్లు. మొదటి రకం గురించి పొద్దున్నే చెప్పుకోవద్దు. రెండో రకం కెనడాలో ఉన్న మా చెల్లెలు శారద. వాళ్ళకీ మనకీ పదకొండున్నర గంటలు తేడా. అది ఆస్పత్రి డ్యూటీ ముగించుకుని, ఇల్లు చేరి, కుక్కరు ఎక్కించి, అక్కయ్యతో నాలుగు మాటలు మాట్లాడదామనుకునేసరికి ఇక్కడ నేను పాలు పొయ్యి మీద పెట్టి నిద్రమత్తులో నిలబడి ఉంటాను.

పోయిన ఆగస్టులో ఓ రోజు అలాగే మోగింది.

"అక్కా, వంశీగాడు ఇల్లు వదిలి వెళ్ళిపోతాడట!" అంది శారద. గొంతులో ఏడుపు.

పాలు పొంగిపోయాయి. వంశీ దాని ఒక్కగానొక్క కొడుకు. పదహారు నిండాయి. ఆ వయసు పిల్లలు ఇల్లు వదిలి పోతానన్నారంటే మనకి ఏమేం తోస్తాయో మీకు చెప్పక్కర్లేదు. మీరూ తల్లులే.

"ఎవరితోనే?" అన్నాను, స్టవ్ ఆర్పడం కూడా మర్చిపోయి.

"ఎవరితో ఏమిటే! హాకీ ఆడ్డానికి. రెండు గంటల దూరంలో ఏదో చిన్న ఊరు. అక్కడి జూనియర్ జట్టులోకి తీసుకుంటామన్నారట. ఏడు నెలలు అక్కడే ఉండాలట. ఎవరింట్లోనో తినాలట, ఎవరింట్లోనో పడుకోవాలట. ఆవిణ్ణి బిల్లెట్ మామ్ అంటారట. అమ్మనైన నేనుండగా ఇంకో అమ్మ ఏమిటక్కా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వితే చంపేస్తుందని ఆపుకున్నాను. మావారు పక్క గదిలోంచి, "ఏవిటిటా?" అని అడిగారు. చెప్పాను. "మంచు మీద కర్రలతో కొట్టుకునే ఆటేగా, అక్కణ్ణించి పళ్ళన్నీ ఉండి తిరిగొస్తే చాలు" అని మళ్ళీ దుప్పటి కప్పుకున్నారు. మగవాళ్ళ ధైర్యానికి ఉదయం ఐదున్నర చాలా అనుకూలమైన సమయం.

ఆ ఆట నేను చూడకపోలేదు. రెండేళ్ళ కిందట చలికాలంలో శారద దగ్గరికి వెళ్ళినప్పుడు మా మరిది పట్టుబట్టి తీసుకెళ్ళాడు. శారద వాళ్ళుండేది సస్కాచివన్ రాష్ట్రంలో సస్కటూన్ అనే నగరం. అక్కణ్ణించి తూర్పుకి ఇంచుమించు 110 కిలోమీటర్లు పోతే హంబోల్ట్ అనే ఊరొస్తుంది. దారి పొడుగునా అటూ ఇటూ తెల్లటి చేలు. గోధుమ, ఆవాల్లాంటి కనోలా పండే నేల. చలికాలంలో ఆకాశం ఎక్కడ మొదలైందో నేల ఎక్కడ అయిపోయిందో తెలీదు. బయట సున్నాకి దిగువన ముప్పై డిగ్రీలు. కారు దిగి లోపలికి నడిచిన ఆ నాలుగడుగుల్లో నా కనురెప్పలు ఒకదానికొకటి అతుక్కున్నాయంటే మీరు నమ్మాలి.

హంబోల్ట్‌లో జనం ఆరు వేలు. మన లెక్కన ఓ పెద్ద పల్లెటూరు. ఆ ఊరికో మంచు హాకీ జట్టు, దాని పేరు హంబోల్ట్ బ్రాంకోస్. బ్రాంకో అంటే కళ్ళేనికి లొంగని గుర్రం. ఆ గుర్రాలు పరుగెత్తే చోటు ఎల్గర్ పీటర్సన్ అరీనా. ఆకుపచ్చ, పసుపు రంగులు. మన పెళ్ళిళ్ళకి ఊరంతా వచ్చినట్టు ఆ రాత్రి ఊరంతా అక్కడే ఉంది. ముసలమ్మలు దుప్పట్లు ఒళ్ళో పరుచుకుని కూచున్నారు. పసిపిల్లలు తల్లుల భుజాల మీద నిద్రపోతున్నారు.

ఆట సంగతి క్లుప్తంగా చెబుతాను. మనకి తెలిసిన హాకీ ధ్యాన్‌చంద్ హాకీ, పచ్చిక మీద బంతితో ఆడేది. ఇది మంచు మీద, కాళ్ళకి కత్తుల్లాంటి స్కేట్లు కట్టుకుని ఆడేది. బంతి బదులు నల్లటి రబ్బరు బిళ్ళ, దాన్ని పక్ అంటారు. ఒక్కో వైపు గోలీతో కలిపి ఆరుగురు. 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు. మామూలు కంటికి ఆ బిళ్ళ కనపడదు. నాకు చివరిదాకా కనపడలేదు. అందరూ లేచి అరిచినప్పుడు నేనూ లేచి అరిచాను. ఎవరు గోలు చేశారో మాత్రం అడక్కండి.

నేను చూసింది ఆట కాదు లెండి, మా ముందు వరసలో కూచున్న ఒకావిడని. యాభై దాటి ఉంటాయి. ఓ కుర్రాడు గోడకి గుద్దుకుని పడినప్పుడల్లా ఆవిడ లేచి నిలబడేది. వాడు లేచాక కూచునేది. "కొడుకు కాబోలు" అన్నాను. మా మరిది కనుక్కుని వచ్చి చెప్పాడు, "కాదు వదినా, వాడు వాళ్ళింట్లో ఉంటున్న బిల్లెట్ కుర్రాడు" అని.

అప్పుడే ఆ బిల్లెట్ల సంగతి మొదటిసారి విన్నాను. జూనియర్ జట్లలో 16 నుంచి 20 ఏళ్ళ పిల్లలు ఆడతారు. జీతం ఉండదు. ఏ పిల్లాడూ ఆ ఊరివాడే అయి ఉండాలని లేదు, వందల కిలోమీటర్ల దూరం నుంచి కూడా వస్తారు. వాళ్ళకి హాస్టలూ ఉండదు. ఊళ్ళో కుటుంబాలు ఒక్కొక్కళ్ళు ఒకరినో ఇద్దరినో తెచ్చి పెట్టుకుంటారు. గది ఇస్తారు, అన్నం పెడతారు, రాత్రి ఆలస్యంగా వస్తే తిడతారు, పరీక్షలుంటే పుస్తకం తీయిస్తారు. తిండి ఖర్చుకని క్లబ్బు నెలకింతని ఇస్తుందట. అది ఆ వయసు పిల్లాడు తాగే పాలకి కూడా చాలదని మా మరిది నవ్వాడు.

ఆ మాట వినగానే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. చదువుకోడానికి పల్లెల నుంచి టౌనుకి వచ్చిన పేద పిల్లలు వారాలు చేసుకునేవాళ్ళు కదా. సోమవారం ప్లీడరుగారింట్లో, మంగళవారం మేష్టారింట్లో, అలా ఏడు రోజులకి ఏడిళ్ళు. నేను చూడలేదు, నేను పుట్టేసరికే ఆ రోజులు పోయాయి. అమ్మమ్మ చెప్పగా విన్నాను. వాళ్ళింట్లో గురువారం వారం ఒకబ్బాయిది. పన్నెండేళ్ళవాడు. సిగ్గుతో రెండోసారి అన్నం అడిగేవాడు కాదట. అందుకని అమ్మమ్మ మొదటిసారే రెండు సార్ల అన్నం ఒక్కసారే పెట్టేసేదట. ఓ గురువారం వాడు రాలేదు. రాత్రి తొమ్మిదింటిదాకా చూసి, లాంతరు పట్టుకుని, తాతయ్యని వెంటబెట్టుకుని వాడుండే గుడిచావిడికి వెళ్ళింది. వాడికి మశూచి. "వారానికి ఒక్కపూట పెట్టిన అన్నమే తల్లీ, కానీ పెట్టిన చెయ్యి ఊరుకోదు" అనేది ఎన్నేళ్ళయినా. ఆ పిల్లాడు బతికాడు, పెద్ద ఉద్యోగమూ చేశాడు. అమ్మమ్మ పోయినప్పుడు మా మావయ్యల పక్కన నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అదొక్కటి నేను చూశాను.

అంచేత బిల్లెట్ అంటే ఏమిటో నాకు ఎవరూ నిఘంటువు తీసి చెప్పక్కర్లేకపోయింది. మంచు మీద తిరిగే వారాలబ్బాయిలు, అంతే.

హంబోల్ట్ జట్టు 1970లో పుట్టింది. ఏ కోటీశ్వరుడి సొత్తూ కాదు. ఊరివాళ్ళదే, ఊరివాళ్ళే నడుపుకుంటారు. ఆరు వేల జనం ఉన్న ఊరు 2003లో ఒకసారి, 2008లో ఇంకోసారి కెనడా మొత్తం మీద జూనియర్ ఎ జట్ల కప్పు గెలిచింది. మన దగ్గర ఓ పల్లెటూరి కబడ్డీ జట్టు వెళ్ళి ఢిల్లీలో రెండుసార్లు కప్పు పట్టుకొస్తే ఎలా ఉంటుందో ఊహించండి. ఆ పిల్లల్లో చాలామంది తర్వాత పెద్ద ఆటగాళ్ళేమీ కారు. కాలేజీ చదువులకీ, వ్యవసాయానికీ, ఉద్యోగాలకీ పోతారు. కానీ పదిహేడేళ్ళప్పుడు ఏ తల్లి వంటింట్లో కూచుని రొట్టె తిన్నారో మర్చిపోరట.

ఇంత చక్కటి కథ ఇక్కడితో ఆపేస్తే బాగుండును. ఆపడానికి లేదు.

2018 ఏప్రిల్ 6, శుక్రవారం. లీగు పోటీలు చివరి దశకొచ్చాయి. బ్రాంకోస్ జట్టు నిపావిన్ అనే ఊళ్ళో ఆడటానికి బస్సెక్కింది. బస్సులో మొత్తం 29 మంది. పోటీలు బాగా ఆడాలని మొక్కుకున్నట్టు పిల్లలంతా జుట్టుకి రంగు వేసుకుని, ఒకేలా బంగారు రంగు తలలతో ఉన్నారు. మన పిల్లలు తిరుపతి వెళ్ళి అందరూ గుండ్లు చేయించుకొస్తే ఎవరు ఎవరో పోల్చుకోలేం చూడండి, అలాగ.

సాయంత్రం ఐదు గంటల వేళ ఒక నాలుగు రోడ్ల కూడలి దగ్గర పక్క రోడ్డు మీంచి రెండు ట్రైలర్ల లారీ ఒకటి ఆగవలసిన చోట ఆగకుండా వచ్చింది. తోటల్లో వాడే పీట్ అనే నాచుమట్టి లోడు. బస్సు దాన్ని గుద్దుకుంది. 16 మంది పోయారు. 13 మంది గాయపడ్డారు, కొందరు ఆ తర్వాత నడవలేకపోయారు. పోయినవాళ్ళలో 10 మంది ఆటగాళ్ళు. అందరికంటె చిన్నవాడికి 16 ఏళ్ళు. కోచ్‌లు ఇద్దరు, రేడియోలో ఆట వివరించేవాడు, లెక్కలు రాసే కుర్రాడు, బస్సు డ్రైవరు. పిల్లల గాయాలకి కట్లు కట్టే 24 ఏళ్ళ అమ్మాయి ఐదు రోజులు ఆస్పత్రిలో పోరాడి పోయింది.

ఆ పిల్లల జుట్టంతా ఒకే రంగు అన్నాను కదా. వయసులూ దగ్గర దగ్గర, ఒళ్ళూ ఒకే తీరు. ఆ గందరగోళంలో ఇద్దరు పిల్లల్ని ఒకరికొకరుగా గుర్తించారు. ఒక కుటుంబం తమ బిడ్డ పోయాడని ఏడ్చింది. ఇంకో కుటుంబం తమ బిడ్డ బతికున్నాడని ఆస్పత్రి మంచం పక్కన కూచుంది. మూడో రోజున నిజం తెలిసింది. పోయాడనుకున్నవాడు బతికున్నాడు. బతికున్నాడనుకున్నవాడు పోయాడు.

ఇది చదివిన రాత్రి నేను నిద్రపోలేదు. ఆ మంచం పక్కన కూచున్న తల్లి చెయ్యి నిమిరింది, దేవుణ్ణి వేడుకుంది. అదంతా ఎవరి బిడ్డకి చెందినట్టు? బతికిన బిడ్డకి ఆ రెండు రోజులూ అమ్మ స్పర్శ ఉండనే ఉంది. ఆ అమ్మ వేరు, అంతే. ఇంతకంటె నాకు చెప్పడం చేతకాదు.

మరి ఆ బిల్లెట్ తల్లులు? వాళ్ళకి ఏ లెక్కలోనూ పేరు లేదు. సంతాపం కన్నవాళ్ళకి చెప్తారు. పొద్దున ఆ పిల్లాడికి తిండి పెట్టి, సంచీ సర్ది, బస్సెక్కించింది వీళ్ళు. సాయంత్రానికి ఆ గదిలో విప్పేసిన బట్టలు అలాగే ఉన్నాయి. వాటిని ఉతకాలో, అలాగే కన్నతల్లికి ఇవ్వాలో తెలీని స్థితి. వాసన ఉంటుంది కదా బట్టల్లో. ఉతికితే పోతుంది.

ఆ వారం ఎవరో ఒకరు తమ ఇంటి గుమ్మం బయట హాకీ కర్ర ఒకటి నిలబెట్టి దీపం వెలిగించి ఉంచారు. పిల్లలకి ఎక్కడున్నా అవసరమవుతుందేమో అని. మర్నాటికి వీధి వీధంతా, తర్వాత దేశమంతా గుమ్మాల్లో కర్రలు. శారద ఇంటి గుమ్మంలోనూ పెట్టారు. అప్పటికి వంశీ చిన్నపిల్లాడు, వాడి కర్ర నా నడుముదాకా కూడా రాదు. కెనడాలోనూ బయటి దేశాల్లోనూ ఉన్నవాళ్ళు పంపిన చందాలు కోటిన్నర డాలర్లు దాటాయి.

ఆ జట్టులో లోగన్ బూలే అని ఒక కుర్రాడు. అంతకు ముందు నెలలోనే 21 నిండాయి. తన అవయవాలు దానం చెయ్యడానికి అప్పుడే పేరు రాయించుకున్నాడు. అతను పోయాక ఆరుగురికి అవి అమరాయి. ఆ సంగతి తెలిసి ఆ దేశంలో లక్షమందికి పైగా కొద్ది వారాల్లో తామూ పేర్లు రాయించుకున్నారు. ఇప్పుడు ఏటా ఏప్రిల్ 7న ఆకుపచ్చ చొక్కాలు వేసుకుని ఆ పిల్లాణ్ణి తలుచుకుంటారు. మన దగ్గర జీవన్‌దాన్ ఉంది కదా, ఆ కాగితం నా బీరువాలో ఏడాదిగా పడి ఉండేది. ఈ సంగతి తెలిశాక సంతకం పెట్టాను. మావారి చేత కూడా పెట్టించాను. "నా గుండె ఎవరికీ పనికిరాదోయ్, నీ వంటతో ఎప్పుడో పాడైంది" అంటూనే పెట్టారు.

ఇంక ఆ లారీ నడిపినవాడి సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. అతను పంజాబు నుంచి వెళ్ళిన కుర్రాడు. అప్పటికి ముప్పై నిండలేదు. పెళ్ళయి కొద్దికాలమే. లారీ పని నేర్చుకోవడం మొదలుపెట్టి నెల కాలేదు. లోడు మీది టార్పాలిన్ గాలికి కొట్టుకుంటుంటే అద్దంలో దాన్నే చూసుకుంటూ, ఆగమని చెప్పే బోర్డులు ఒకటి తర్వాత ఒకటి దాటిపోయాడు.

"ఆ వారం ఆస్పత్రిలో నేను తలెత్తలేకపోయానక్కా" అంది శారద. "ఎవరూ నన్నేమీ అనలేదు. అంతకు ముందు ఎలా మాట్లాడేవారో అలాగే మాట్లాడారు. అయినా అందరూ నా మొహమే చూస్తున్నట్టనిపించింది."

కోర్టులో అతను వాదించలేదు. 2019 జనవరిలో 29 నేరాలూ ఒప్పుకున్నాడు. విచారణ జరిపి ఆ కుటుంబాలని ఇంకా బాధపెట్టడం తనకిష్టం లేదని వకీలు చేత చెప్పించాడు. అప్పుడు ఒక్కొక్క కుటుంబమూ లేచి తమ దుఃఖం చదివింది. క్షమించానన్నవాళ్ళున్నారు. ఎప్పటికీ క్షమించలేనన్నవాళ్ళూ ఉన్నారు. నన్నడిగితే ఆ రెండూ నిజాలే. అందులో ఏది గొప్పదని బయట నిలబడి మార్కులు వెయ్యడానికి మనమెవరం? 2019 మార్చిలో ఎనిమిదేళ్ళ శిక్ష పడింది. తర్వాత పెరోల్ మీద బయటికొచ్చాడు. దేశం విడిచి వెళ్ళాలని 2024 మేలో ఉత్తర్వు వచ్చింది.

ఆ రాష్ట్రంలో అంతవరకూ పెద్ద లారీ లైసెన్సుకి ఇన్ని గంటలు నేర్చుకుని తీరాలన్న నిబంధన లేదు. 2019 మార్చి నుంచి 121 గంటల పైన శిక్షణ తప్పనిసరి చేశారు. పదహారు ప్రాణాలు పోయాక వచ్చిన తెలివి. ఆ విషయంలో మనకీ వాళ్ళకీ తేడా లేదు.

పంజాబులో ఆ కుర్రాడికీ ఓ తల్లి ఉండి ఉంటుంది. ఫోను మోగినప్పుడు ఆవిడా పాలు పొయ్యి మీద పెట్టి ఉంటుంది. కొడుకు బతికే ఉన్నాడని సంతోషించడానికి కూడా ఆవిడకి నోరు వచ్చి ఉండదు.

హంబోల్ట్ వాళ్ళు జట్టుని మూసెయ్యలేదు. 2018 సెప్టెంబరు 12న, అదే అరీనాలో, ఆనాడు ఆడవలసిన ఆ నిపావిన్ జట్టుతోనే కొత్త సీజను మొదలుపెట్టారు. ఆ బస్సులో ఉండి బతికిన పిల్లల్లో ఇద్దరు ఆ రోజు మళ్ళీ ఆడారు. 2-1 తేడాతో ఓడిపోయారు. ఆ ఓటమిని ఆ ఊరు ఓటమిగా లెక్కపెట్టి ఉంటుందనుకోను. అదే రాష్ట్రంలో స్విఫ్ట్ కరెంట్ అనే ఊళ్ళో ఇంకో బ్రాంకోస్ జట్టుంది. 1986 డిసెంబరు 30న మంచు రోడ్డు మీద బస్సు జారి ఆ జట్టులో నలుగురు పిల్లలు పోయారు. మూడేళ్ళు తిరక్కుండా, 1989లో, ఆ జట్టు మెమోరియల్ కప్పు గెలిచింది. కప్పు గెలిస్తే పోయినవాళ్ళు రారు. కానీ పెరట్లో చెట్టు పడిపోయిందని మనం పెరడు వదిలేస్తామా?

అన్నిటికన్నా నన్ను కదిలించింది వేరే. ఆ సెప్టెంబరులో ఆ జట్టులోకి కొత్త పిల్లలొచ్చారంటే, వాళ్ళని ఆ ఊరికి పంపిన తల్లులున్నారు. వాళ్ళ కోసం మళ్ళీ దుప్పట్లు మార్చి గది సర్దిన తల్లులూ ఆ ఊళ్ళో ఉన్నారన్నమాట.

సరే, ఇదంతా తెలిసిన శారదకి నేనేం చెప్పాలి? "పంపనా వద్దా, నువ్వు చెప్పక్కా" అని కూచుంది.

చెప్పే అర్హత నాకుందా అని ఆ పూటంతా ఆలోచించాను. ఎందుకంటారా? మావాడు రవిని పదిహేనేళ్ళకే నేను హాస్టల్లో వేశాను. టెన్త్ పాసయిన మర్నాటి నుంచీ ఇంటి ముందు కాలేజీల వాళ్ళు క్యూ కట్టారు. వాళ్ళదీ జూనియరే, జూనియర్ కాలేజీ! రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే ఇంజినీరింగు సీటన్నారు. నేను నిజంగానే కళ్ళు మూసుకున్నాను. ర్యాంకులెన్ని వచ్చాయని అడిగాను, ఏసీ ఉందా అని అడిగాను. నా బిడ్డకి అన్నం వడ్డించే మనిషి ఎవరని అడగలేదు. వాడికి జ్వరం వచ్చిన సంగతి నాకు నాలుగో రోజున తెలిసింది. అదీ వాడి స్నేహితుడి తల్లి చెబితే. ఆ కాలేజీ వాళ్ళకి ఫోన్ చేస్తే, "వీక్లీ టెస్టు రాశాడండీ, బాగానే ఉన్నాడు" అన్నారు. అంత జరిగినా నేను వాణ్ణి తీసుకురాలేదు. సీటు పోతుందని భయం. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

మర్నాడు శారదకి ఫోన్ చేసి ఒకటే చెప్పాను. "ముందు వెళ్ళి ఆ ఇల్లు చూడు. ఆ వంటిల్లు చూడు. ఆవిడ మొహం చూడు. తర్వాత నీ మనసేం చెబితే అది చెయ్యి."

వెళ్ళింది. చీర కట్టుకుని, మాగాయ సీసా పట్టుకుని, శత్రువు కోట మీదికి దండెత్తినట్టు వెళ్ళింది. ఆవిడ తలుపు తీసి, గది చూపించి, మంచం చూపించి, కాగితం కలం తీసుకుని ఎదురుగా కూచుందట. వాడికేం ఇష్టం, ఏం పడదు, కోపం వస్తే మాట్లాడతాడా మానేస్తాడా, ఒంట్లో బాగోలేకపోతే చెబుతాడా దాచుకుంటాడా. "దాచుకుంటాడు" అంది శారద. ఆవిడ దాన్ని రాసుకుని కింద గీత గీసుకుందట.

లేచి వచ్చేటప్పుడు శారద ఉండబట్టలేక అడిగేసింది, బస్సుల సంగతి. ఆవిడకి అర్థమైంది. ఆ రాష్ట్రంలో బస్సు అనగానే ఏ తల్లికైనా అర్థమవుతుంది. "బస్సు ఊళ్ళోకి వచ్చిందాకా నేను పడుకోను. వరండాలో దీపం ఆర్పను. రాత్రి రెండైనా సరే, వాడు లోపలికొచ్చాకే నీకు మెసేజి పెట్టి ఆరుస్తాను" అందట.

వంశీ వెళ్ళాడు. శారద మొదటి పది రోజులూ ఏడ్చింది. పదకొండో రోజున, "అక్కా, ఆవిడ మాగాయ రొట్టె మీద రాసుకుని తింటోందిట" అని నవ్వింది.

ఇది జరిగాక ఓ ఆదివారం రవి ఇంటికొచ్చాడు. ఇప్పుడు ఇంజినీరింగు రెండో సంవత్సరం. అన్నం తింటుంటే అడిగాను, "ఒరే, ఆ హాస్టల్లో నీకు జ్వరం వచ్చినప్పుడు ఎవరు చూశార్రా?" అని.

వాడు ఆశ్చర్యంగా చూశాడు. "మంగమ్మ. మెస్సులో వడ్డించేది. జావ కాచి పైకి పట్టుకొచ్చేది. మెట్లెక్కలేదు పాపం, మోకాళ్ళ నెప్పులు. పెరుగు కూడా నాకు రెండో గరిటె వేసేది."

"మరి ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం?"

"నువ్వడగలేదుగా అమ్మా. నువ్వు మార్కులడిగేదానివి."

వాడు కోపంగా అనలేదు. మామూలుగా అని పెరుగు కలుపుకున్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి నెయ్యి గిన్నె కోసం చాలాసేపు వెతికాను. అది టేబిల్ మీదే ఉంది.

మర్నాడు ఆ కాలేజీకి ఫోన్ చేశాను. మంగమ్మ మానేసి రెండేళ్ళయిందన్నారు. ఏ ఊరో తెలీదన్నారు. ఆవిడకిద్దామని కొన్న చీర అలాగే ఉంది. బీరువా తెరిచినప్పుడల్లా కనిపిస్తుంది.

మా వీధి చివర ఓ మేడ మీద రేకుల గదిలో నలుగురు కుర్రాళ్ళుంటారు. గ్రూపు పరీక్షలకి చదువుకుంటున్నారు. పొద్దున్నే టీ బంకు దగ్గర బన్ను ముంచుకు తింటూ కనిపిస్తారు. నెల కిందట వాళ్ళలో మరీ బక్కగా ఉన్నవాణ్ణి పిలిచి ఆదివారం భోజనానికి రమ్మన్నాను. వాడు భయపడ్డాడు. ఈ రోజుల్లో ఊరికే అన్నం పెడతామంటే ఎవరికైనా అనుమానమే కదా. అయినా వచ్చాడు.

సిగ్గుతో రెండోసారి అడగలేదు. అందుకని మొదటిసారే రెండు సార్ల అన్నం పెట్టేశాను.

వెళ్ళేటప్పుడు పేరడిగాను. ఏ ఊరని అడిగాను. వాళ్ళమ్మ ఫోను నంబరు కూడా రాయించుకున్నాను. ఇప్పుడు ఆదివారం వాడి వారం.